శికారీ ఎవరు, శికార్ ఎవరు? 1971 డిసెంబర్ 9

ఉర్దూలో 'తారీఖ్' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి కేలెండర్లో కనిపించే తేదీ. రెండోది చరిత్ర. మన ఇళ్ళల్లో "ఆజ్ క్యా తారీఖ్ హై?" అని అడిగేటప్పుడు చరిత్ర గుర్తుకు రాదు. కానీ కొన్ని తారీఖులు చరిత్రని వెంటేసుకునే వస్తాయి. డిసెంబర్ 4 అలాంటిది. ఆ రోజు మనకి నేవీ డే. 1971 జంగ్‌లో మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తు. సరిగ్గా ఐదు రోజుల తర్వాత ఇంకో తారీఖ్ వస్తుంది, డిసెంబర్ 9. సరిహద్దుకి అవతల దాన్ని 'హంగోర్ డే' అని జరుపుకుంటారు. ఇవతల దాని జిక్ర్ తక్కువ.

తెలుగువాళ్ళకి 1971 సమందర్ జంగ్ అంటే గాజీయే. అది సహజం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగింది మన విశాఖ ముంగిట్లో. 2017లో సంకల్ప్ రెడ్డి సినిమా తీశాక పిల్లలకి కూడా ఆ పేరు తెలిసిపోయింది. అయితే గాజీ మునిగిన ఆరు రోజులకే దేశానికి అటువైపు, అరేబియా సముద్రంలో, గాజీకి చెల్లెలు లాంటి మరో సబ్‌మెరైన్ మన యుద్ధ జహాజ్‌ని ముంచింది. ఆ జహాజ్ పేరు ఐఎన్ఎస్ ఖుక్రీ. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు, మొత్తం 194 మంది దానితోపాటు వెళ్ళిపోయారు. స్వతంత్ర భారత నేవీ జంగ్‌లో పోగొట్టుకున్న యుద్ధ నౌక అదొక్కటే.

గెలిచిన కహానీ చెప్పుకోవడానికి అందరూ ముందుకొస్తారు. ఓడిన కహానీకి గొంతు పెగలదు. పైగా నాలాంటి పేరున్నవాడు హంగోర్ గురించి రాస్తే, "ఏంటి సాబ్, వాళ్ళని పొగుడుతున్నావా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. పొగడ్త కాదు, తెగడ్త కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుసుకోవడం ఆ 194 మందికి మనం బాకీ ఉన్న ఇన్సాఫ్ అనుకుంటాను.

ముందు పేర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కహానీలో పేర్లే ఒక వింత. హంగోర్ అంటే బెంగాలీలో సొరచేప. అవును, బెంగాలీలోనే. పాకిస్తాన్ నేవీ ఫ్రాన్స్ నుంచి డాఫ్నే తరగతి సబ్‌మెరైన్లు మూడు కొన్నది. వాటి పేర్లు హంగోర్, శుశుక్, మాంగ్రో. శుశుక్ కూడా బెంగాలీ మాటే, డాల్ఫిన్ అని అర్థం. తూర్పు, పడమర ఒకటే ముల్క్ అని చూపించుకోవడానికి బెంగాలీ పేర్లు పెట్టినవాళ్ళే, 1971 మార్చిలో ఆ బెంగాలీల మీదికి ఫౌజుని పంపారు. ఆ ఖబర్ తెలిసేసరికి మాంగ్రో ఇంకా ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులోనే ఉంది. అందులోని బెంగాలీ సెయిలర్లు కొందరు సబ్‌మెరైన్ వదిలి పారిపోయారు. వారిలో 8 మంది స్పెయిన్ మీదుగా ఇండియా చేరి, ముక్తి బాహిని నౌకాదళ కమాండోలకి పునాది అయ్యారు. ఆగస్టు 15 రాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణగంజ్ రేవుల్లో జహాజులకి మైన్లు అంటించి పేల్చింది ఆ కమాండోలే. బెంగాలీ పేరు పెట్టుకున్న హంగోర్ మాత్రం ఆ బెంగాల్‌ని వదులుకోనన్న ప్రభుత్వం తరఫున జంగ్‌కి బయల్దేరింది.

ఇటువైపు పేర్లన్నీ ఆయుధాలవి. ఖుక్రీ అంటే గూర్ఖాల కత్తి. కిర్పాణ్ అంటే సిక్కుల కత్తి. కుఠార్ అంటే గొడ్డలి. మూడూ బ్రిటన్‌లో కట్టిన ఫ్రిగేట్లు, ఒకే తరగతివి. 1958 ప్రాంతంలో మన నేవీలో చేరాయి. బ్రిటిష్ వాళ్ళు ఈ రకం ఫ్రిగేట్లని రెండో ప్రపంచ యుద్ధం పాఠాలతో, తక్కువ ఖర్చులో, ప్రత్యేకంగా సబ్‌మెరైన్లని వేటాడటానికే తయారుచేశారు. అంటే కాగితం మీద ఖుక్రీయే శికారీ, హంగోర్ శికార్.

ఖుక్రీ కెప్టెన్ పేరు మహేంద్రనాథ్ ముల్లా. ముల్లా అనగానే మనవాళ్ళు అనుకుంటాం. కాదు, కశ్మీరీ పండిత్. కశ్మీరీ పండితుల్లో ముల్లా ఇంటిపేరు ఉంది. ఉర్దూ షాయర్ ఆనంద్ నారాయణ్ ముల్లా కూడా కశ్మీరీ పండితుడే. కెప్టెన్ ముల్లా 1926లో గోరఖ్‌పూర్‌లో పుట్టాడు. వకీళ్ళ ఖాందాన్ వదిలి నేవీలోకి వచ్చాడు. ఆయన ఒక్క ఖుక్రీకే కాదు, ఆ మూడు ఫ్రిగేట్లున్న 14వ స్క్వాడ్రన్ మొత్తానికి సర్దార్.

హంగోర్ కమాండర్ అహ్మద్ తస్నీం. 1965 జంగ్‌లో గాజీలో పనిచేసినవాడు. 1971లో ఆయన చేతికొచ్చింది మాత్రం గాజీ లాంటి పాత అమెరికన్ సబ్‌మెరైన్ కాదు. 1969లో నేవీలో చేరిన కొత్త ఫ్రెంచి సరుకు.

మీలో విశాఖ బీచ్ రోడ్డులోని కుర్సురా మ్యూజియం చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. లోపలికి వెళ్తే తల వంచుకుని నడవాలి. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి. నేను వెళ్ళిన ప్రతిసారీ, ఇందులో నెలరోజులు ఎలా బతికారా అనిపిస్తుంది. ఆ కుర్సురా పొడవు 91 మీటర్లు. హంగోర్ 58 మీటర్లే. అంటే దానిలో మూడింట రెండొంతులు కూడా లేదు. చిన్నదే, కానీ చప్పుడు తక్కువ, చెవులు మాత్రం చాలా పదును. ఆ చెవుల సంగతే ఈ కహానీకి ప్రాణం.

నీళ్ళ కింద కళ్ళు పనిచేయవు. ఆవాజే అన్నీ. దీనికి వాడే యంత్రం సోనార్. అది రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి, మనమే నీళ్ళలోకి ఒక చప్పుడు పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వస్తుందా అని చూడటం. చీకటి గదిలో టార్చిలైటు వేసినట్టు. దీనివల్ల అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది, కానీ మనం ఎక్కడున్నామో వాడికీ తెలిసిపోతుంది. రెండోది, మనం ఏ చప్పుడూ చేయకుండా కేవలం వినడం. జహాజ్ ఇంజన్ మోత, పంకాలు నీళ్ళని కోసే చప్పుడు, అవతలివాడి సోనార్ పంపే 'టింగ్' మనే శబ్దం, ఇవన్నీ సముద్రంలో చాలా దూరం పాకుతాయి. ఫ్రిగేట్ టార్చిలైటు వేసుకుంటూ వెతుకుతుంది. సబ్‌మెరైన్ చీకట్లో కూర్చుని వింటుంది. టార్చి వెలుగు చేరే దూరం కంటే, ఆ టార్చి కనిపించే దూరం ఎప్పుడూ ఎక్కువే కదా!

ఖుక్రీ సోనార్ పాత తరానిది. దాని చప్పుడు వెళ్ళి తగిలి తిరిగొచ్చే దూరం, హంగోర్ వినగలిగే దూరం ముందు చాలా తక్కువ. పైగా అరేబియా సముద్రంలో నీళ్ళు పొరలు పొరలుగా వేర్వేరు వేడిలో ఉంటాయి. ఒక పొర నుంచి ఇంకో పొరలోకి వెళ్ళేటప్పుడు ఆవాజ్ వంగిపోతుంది, దారి తప్పుతుంది. ఉత్తర అట్లాంటిక్ చన్నీళ్ళ కోసం తయారైన యంత్రానికి ఇది ఇంకా కష్టం.

ఇక కహానీలోకి వద్దాం. హంగోర్ నవంబర్‌లోనే కరాచీ వదిలి బొంబాయి వైపు వచ్చి కాపు కాసింది. డిసెంబర్ 2 రాత్రి బొంబాయి నుంచి మన పశ్చిమ నౌకాదళం బయటికొచ్చింది. ఆ జహాజులు హంగోర్ తల మీదుగానే వెళ్ళాయని తస్నీం తర్వాత చెప్పుకున్నాడు. టార్పెడో వేయడానికి అంతకు మించిన మౌఖా దొరకదు. కానీ జంగ్ ఇంకా మొదలు కాలేదు. దాడి చేయమని హుకుం లేదు. ఊపిరి బిగబట్టి ఊరుకున్నారు. మర్నాడు సాయంత్రమే పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయి, జంగ్ ఎలాన్ అయింది. ఒక్క రోజు తేడా! ఆ ఒక్క రోజు తేడా వల్ల ఎన్ని వందల మంది ఇళ్ళకి తిరిగి వెళ్ళారో ఆలోచించండి.

ఆ రోజుల్లోనే హంగోర్‌లో ఎయిర్ కండిషనింగ్‌కి సముద్రపు నీరు అందించే పంపు చెడిపోయింది. డబ్బాలాంటి ఆ లోపల వేడి పెరిగితే మనుషులకీ కష్టం, యంత్రాలకీ కష్టం. రిపేరు నీళ్ళ కింద కుదరదు. సౌరాష్ట్ర తీరం దగ్గర, చేపల పడవలు తిరిగే చోట, వాటిలో ఒకటన్నట్టు దీపాలు వేసుకుని నీటి పైన తేలుతూ రిపేరు చేసుకున్నారు. దుష్మన్ గడప ముందు, బట్టబయలుగా. దాక్కోవడం అంటే ఎప్పుడూ చీకట్లో ఉండటమే కాదు, పదిమందిలో కలిసిపోవడం కూడా.

అయితే హంగోర్ కరాచీకి రేడియోలో ఖబర్లు పంపక తప్పలేదు. రేడియో తరంగం వచ్చే దిక్కుని బట్టి, పంపినవాడు ఎక్కడున్నాడో అంచనా కట్టే ఏర్పాటు మన నేవీకి ఉంది. డయూకి నైరుతి దిక్కున ఒక సబ్‌మెరైన్ ఉందని తేలింది. దాన్ని వెతికి ముంచమని 14వ స్క్వాడ్రన్‌కి హుకుం వచ్చింది.

కానీ స్క్వాడ్రన్‌లో అప్పటికే ఒకటి తగ్గింది. కుఠార్ బాయిలర్ గదిలో ప్రమాదం జరిగితే దాన్ని కిర్పాణ్ లాక్కొచ్చి బొంబాయి చేర్చింది, ఖుక్రీ కాపలాగా వచ్చింది. కాబట్టి డిసెంబర్ 8న వేటకి బయల్దేరినవి రెండే. సబ్‌మెరైన్‌ని వేటాడాలంటే పైనుంచి హెలికాప్టర్లో, విమానాలో తోడుండాలి. జహాజ్ వెళ్ళలేని వేగంతో అవి వెతుకుతాయి, సబ్‌మెరైన్ తల ఎత్తకుండా చూస్తాయి. ఆ రాత్రి ఖుక్రీ, కిర్పాణ్‌ల తల మీద అలాంటి నీడ లేదు.

ఇంకో సంగతి. ఖుక్రీలో వి.కె. జైన్ అనే యువ లెఫ్టినెంట్ ఉన్నాడు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, పాత సోనార్ ఇంకా ఎక్కువ దూరం పట్టేలా దానికి ఒక పరికరం తయారుచేశాడు. దాన్ని జంగ్ మధ్యలోనే ఖుక్రీ మీద పరీక్షిస్తున్నారు. ఆ పరికరం బాగా పనిచేయాలంటే జహాజ్ మెల్లగా పోవాలి. వేగం పెరిగితే తన ఇంజన్ మోతే తన చెవులకి అడ్డు. అందుకే ఖుక్రీ వేగం 12 నాట్ల దగ్గర ఉంది. ఫ్రిగేట్ దానికి రెండింతలు పైగా పోగలదు. వేగంగా దారి మార్చుకుంటూ పోయే జహాజ్‌ని సబ్‌మెరైన్ పట్టుకోలేదు. మెల్లగా పోయేదాన్ని పట్టుకోగలదు. బాగా వినాలని వేగం తగ్గించారు. ఆ తగ్గిన వేగమే శికారీని శికార్ చేసింది.

డిసెంబర్ 9 తెల్లవారుజామున హంగోర్ రెండు యుద్ధ జహాజుల జాడ పట్టింది. వెంటపడింది, కానీ అందుకోలేకపోయింది. ఇక్కడ సబ్‌మెరైన్ కష్టం ఏమిటో తెలుసుకోవాలి. నీళ్ళ కింద అది నడిచేది బ్యాటరీ మీద. పూర్తి వేగంతో పోతే బ్యాటరీ గంట, రెండు గంటల్లో ఖాళీ. మళ్ళీ నింపాలంటే స్నార్కెల్ గొట్టం నీటి పైకి పెట్టి డీజిల్ ఇంజన్ నడపాలి. అలా చేస్తే చప్పుడు, పైగా రాడార్‌కి చిక్కే భయం. అందుకే ఇది గుర్రం పరుగు కాదు. పిల్లి కాపు.

తస్నీం చేసింది కూడా అదే. వెంట పరిగెత్తడం మానేసి, ఆ రెండు జహాజుల నడకని రోజంతా వింటూ కాగితం మీద గీయించాడు. అవి ఒక దీర్ఘ చతురస్రంలా, ఒక లెక్క ప్రకారం తిరుగుతూ వెతుకుతున్నాయని అర్థమైంది. లెక్క తెలిస్తే మళ్ళీ ఎటు వస్తారో తెలుస్తుంది. వెనక తరమడం దేనికి, ముందే వెళ్ళి దారిలో కూర్చుంటే చాలు. సాయంత్రానికి హంగోర్ వాళ్ళ దారిలోకి చేరింది. పొద్దుగూకింది. పెరిస్కోప్‌లో చూస్తే చీకటి, జహాజులు దీపాలార్పి తిరుగుతున్నాయి. ఇక కళ్ళతో పనిలేదని కిందికి దిగిపోయాడు. కేవలం చెవులతో దాడి చేయడానికి సిద్ధమయ్యాడు. పైన వెతుకుతున్న సోనార్ల చప్పుడు లోపల అందరికీ వినబడుతూనే ఉంటుంది. ఆ ఖామోషీలో ఒక్క గరిటె కింద పడినా ఖతం.

మన టైం ప్రకారం రాత్రి ఎనిమిది దాటాక, డయూకి దాదాపు 40 నాటికల్ మైళ్ళ దూరంలో, హంగోర్ మొదటి టార్పెడో వదిలింది. నిషానా కిర్పాణ్. అవి ఆవాజ్‌ని వెతుక్కుంటూ పోయే టార్పెడోలు. అది సరిగ్గానే వెళ్ళింది, జహాజ్ కింద నుంచి దాటిపోయింది, కానీ పేలలేదు. అంతసేపు దాచుకున్న ఉనికి బయటపడే క్షణం అది. చాలామంది అక్కడే తోక ముడుస్తారు. తస్నీం వెంటనే రెండోది ఖుక్రీ మీదికి వదిలాడు. కొన్ని నిమిషాలు ఇంతజార్. తర్వాత పేలుడు. టార్పెడో మందుగుండు గది కింద పేలిందని హంగోర్‌లో వాళ్ళకి చప్పుడు తీవ్రతని బట్టి అర్థమైంది. మూడో టార్పెడో కిర్పాణ్ మీదికి వెళ్ళింది. కిర్పాణ్ వేగం పెంచి తప్పించుకుంది.

ఖుక్రీలో ఏం జరిగిందో బతికి బయటపడ్డవాళ్ళ గవాహీ వల్లే తెలుసు. కరెంటు పోయింది. జహాజ్ ఒరిగిపోయింది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ళు చీకట్లో నిచ్చెనలు వెతుక్కోవాలి. కొద్ది నిమిషాలు కూడా లేవు. బ్రిడ్జి మీదున్న కెప్టెన్ ముల్లా, జహాజ్ ఇక నిలవదని తెలియగానే అందరినీ నీళ్ళలోకి దూకమన్నాడు. దూకడానికి భయపడేవాళ్ళని తనే తోశాడు. తన లైఫ్ జాకెట్ తీసి ఒక సెయిలర్‌కి ఇచ్చేశాడు. రమ్మని పిలిచినవాళ్ళతో వెళ్ళలేదు. తన కుర్చీలో కూర్చుని, సిగరెట్ వెలిగించుకుని, జహాజ్‌తోపాటు నీళ్ళలోకి వెళ్ళిపోయాడని చూసినవాళ్ళు చెప్పారు. దేశం ఆయనకి మహావీర చక్ర ఇచ్చింది. లెఫ్టినెంట్ జైన్ కూడా తిరిగి రాలేదు.

నీళ్ళలో పడ్డవాళ్ళు రాత్రంతా తేలుతూ ఉన్నారు. మర్నాడు ఐఎన్ఎస్ కచల్ వచ్చి 67 మందిని ఎక్కించుకుంది, 6 మంది ఆఫీసర్లు, 61 మంది సెయిలర్లు.

ఇక్కడ ఒక సవాల్ అందరూ అడుగుతారు. పక్కనే ఉన్న కిర్పాణ్ ఆగి వాళ్ళని ఎందుకు కాపాడలేదు? మనసు ఇలా అడగడం సహజం. కానీ సమందర్ జంగ్‌లో దీనికి చాలా కఠినమైన పాత జవాబ్ ఉంది. 1914 సెప్టెంబర్ 22న జర్మన్ సబ్‌మెరైన్ యు-9, బ్రిటిష్ క్రూయిజర్ అబుకిర్‌ని ముంచింది. మునిగేవాళ్ళని కాపాడటానికి హోగ్ ఆగింది. దాన్నీ ముంచింది. తర్వాత క్రెస్సీ. దాన్నీ ముంచింది. గంటన్నరలో 1,400 మందికి పైగా చనిపోయారు. ఆనాటి నుంచి సబ్‌మెరైన్ దగ్గర్లో ఉండగా ఆగకూడదనేది నౌకాదళాల ఖానూన్. కిర్పాణ్ ఆగి ఉంటే మునిగేవాళ్ళ లెక్క రెండింతలు అయ్యేదేమో. కిర్పాణ్ దూరం వెళ్ళింది, కచల్‌తో కలిసి తిరిగొచ్చింది. దాని మీద ఇల్జాం వేయడం ఒడ్డున కూర్చున్నవాళ్ళకి తేలిక.

అసలు సవాల్ వేరే చోట ఉంది. సబ్‌మెరైన్‌ని ముందు కనిపెట్టలేని సోనార్‌తో, తోడు లేకుండా, రెండే పాత ఫ్రిగేట్లని, కొత్త సబ్‌మెరైన్ ఉందని తెలిసిన నీళ్ళలోకి పంపడం సబబేనా? ప్రయోగానికి జంగ్ మైదానమే దొరికిందా? ఈ ప్రశ్నలు బయటి దుష్మన్లు అడిగినవి కావు. మన నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు, బతికి వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు అడిగినవి. మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో బతికినవాళ్ళ మాటల్ని పోగుచేసి 2006లో ఒక పుస్తకమే రాశాడు.

అటువైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు. అది జంగ్. సబ్‌మెరైన్ ఉందని తెలిశాక వదిలేస్తే బొంబాయి నుంచి కదిలే ప్రతి జహాజ్‌కీ ప్రమాదమే. ఎవరో ఒకరు వెళ్ళాలి. ఉన్నవాటిలో ఆ పని కోసమే తయారైనవి ఈ ఫ్రిగేట్లే. దూరం పట్టే సోనార్ లేకపోతే, దాన్ని సంపాదించే ప్రయత్నంలో తప్పేముంది? ముల్లా హుకుం తీసుకుని వెళ్ళాడు, వెనకాడలేదు.

రెండు వాదనలూ విన్నాక నాకు అనిపించేది ఇది. ముల్లా బహాదురీలో సందేహం లేదు. కానీ మనం ఆ కుర్చీ, ఆ సిగరెట్ దగ్గరే కహానీ ఆపేస్తున్నాం. ఆ బొమ్మ ఎంత గొప్పదంటే, దాని వెనకున్న సవాళ్ళు కనబడవు. సెయిలర్ల జిందగీ కెప్టెన్ చేతిలో అమానత్ అయితే, కెప్టెన్ జిందగీ ఆయన్ని పంపినవాళ్ళ చేతిలో అమానత్. ముల్లా తన అమానత్‌కి జవాబు తన ప్రాణంతో చెప్పాడు. మిగతావాళ్ళ జవాబు కాగితాల్లో ఉండాలి. షహీద్ అనే మాట పోయినవాడికి ఇజ్జత్ ఇవ్వాలి గానీ, పంపినవాడికి పరదా కాకూడదు.

హంగోర్ సంగతి ముగించాలి. మన నేవీ నాలుగు రోజులు దాన్ని వెతికింది. తస్నీం చెప్పిన లెక్క ప్రకారం 150కి పైగా డెప్త్ ఛార్జీలు పేలాయి. రాత్రి వరకు శికారీగా ఉన్న హంగోర్ మళ్ళీ శికార్ అయింది. బ్యాటరీ తగ్గుతూ, గాలి చెడిపోతూ, పేలుళ్ళ మధ్య మెల్లగా పాకుతూ కరాచీ చేరుకుంది. తస్నీం‌కి సితారా-ఎ-జుర్రత్ ఇచ్చారు. తర్వాత వైస్ అడ్మిరల్ వరకు ఎదిగాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక సబ్‌మెరైన్ యుద్ధ జహాజ్‌ని ముంచడం అదే మొదటిసారి. మళ్ళీ అలా జరిగింది 1982 మే 2న. బ్రిటిష్ అణు సబ్‌మెరైన్ కాంకరర్, అర్జెంటీనా క్రూయిజర్ జనరల్ బెల్‌గ్రానోని ముంచింది. అందులో 323 మంది పోయారు.

హంగోర్ గెలుపు జంగ్ ఫైసలాని మార్చలేదు. వారం తిరిగేసరికి, డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ ఫౌజ్ హత్యారాలు కింద పెట్టింది. ఆ బెంగాలీ పేరు ఏ భాషదో ఆ భాష వాళ్ళకి సొంత ముల్క్ వచ్చింది. సొరచేప మాత్రం కరాచీలోనే ఉండిపోయింది. ఇప్పుడు అక్కడి మారిటైమ్ మ్యూజియంలో ఉంది. మన విశాఖలో కుర్సురా లోపల తిరిగినట్టే, అక్కడి పిల్లలు హంగోర్ లోపల తిరుగుతారు.

డయూలో సముద్రం వైపు చూసే ఒక చిన్న గుట్ట మీద అద్దాల గదిలో ఖుక్రీ నమూనా ఉంది. ఖుక్రీ పేరుతో మన నేవీ తర్వాత ఇంకో జహాజ్ కట్టుకుంది. 1989లో చేరిన ఆ రెండో ఖుక్రీ 32 ఏళ్ళు పనిచేసి, 2021 డిసెంబర్‌లో మన విశాఖలోనే రిటైరైంది. అది కూడా డయూకే వెళ్ళింది, మ్యూజియంగా.

ఖుక్రీకి ఆరు రోజుల ముందు, విశాఖ ముంగిట్లో గాజీతోపాటు 93 మంది పోయారు. అది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మనమంటాం. లోపల మైన్ పేలి మునిగిందని వాళ్ళంటారు. ఆ వాదన తెగలేదు. నీళ్ళ కింద ఉన్నవాళ్ళకి ఆ వాదనతో పనిలేదు. ఒకవైపు 93, ఒకవైపు 194. బంగాళాఖాతంలో వాళ్ళు, అరేబియాలో మనవాళ్ళు. ఎవరి మయ్యత్ ఇంటికి రాలేదు. రెండు ముల్కుల్లోనూ అమ్మలు ఏ ఖబర్ దగ్గరికి వెళ్ళి ఫాతిహా చదవాలో, ఏ చితి బూడిద ఏ నదిలో కలపాలో తెలియకుండానే వెళ్ళిపోయారు.

మనం గాజీ కహానీ పిల్లలకి చెప్పేటప్పుడు, దాని పక్కనే ఖుక్రీ కహానీ కూడా చెబుదాం. వాళ్ళు హంగోర్ గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు గాజీలోని 93 మందినీ తలుచుకోవాలి. సగం తారీఖ్ చెప్పుకునేవాళ్ళకి తర్వాతి జంగ్ చాలా సులభంగా కనిపిస్తుంది. పూర్తి తారీఖ్ తెలిసినవాళ్ళు మాత్రం జంగ్ మాటెత్తే ముందు ఒకసారి ఆగుతారు.